ఇద్దరికే చోటున్న బండి

కొల్లాపూరులో ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న ఒక మిత్రుడు ఇటీవల నాకొక ధర్మసందేహం పంపాడు. ఆయనకు ఒక పాత స్పోర్ట్సు కారు బేరానికి వచ్చింది. చిన్న బండి, నేలబారుగా ఉంటుంది, పైన గుడ్డ టాపు, లోపల రెండే సీట్లు. దానిని ముస్తాబు చేసి ఇంటి ముందు నిలబెట్టుకోవాలని కాదు ఆయన కోరిక. రోజూ బడికీ, తోటకూ, పనిబడితే నాగర్‌కర్నూలుకూ అందులోనే తిరగాలని. ఆయన తండ్రిగారు మాత్రం ఒక్క మాటతో బేరాన్ని ఆపివేశారట: "ఇంట్ల ఐదుగురం ఉన్నం. ఇద్దరికే జాగున్న బండి ఎవరికి బిడ్డా?"

తండ్రిగారి ప్రశ్న చిన్నదే. కాని మోటారు వాహనం పుట్టిన నాటినుంచీ ఆ ప్రశ్న దాని వెంట నడుస్తూనే ఉన్నది. వాహనం ఎంతమందిని మోస్తే వాహనం? తోలేవానికి కలిగే ఆనందానికి ఇంటి లెక్కలో ఏమైనా విలువ ఉన్నదా? మిత్రునికి ఔనని గాని కాదని గాని చెప్పేముందు, ఈ రెండు సీట్ల చిన్న బండి ఎక్కడ పుట్టిందో, ఎవరి కోసం పుట్టిందో, మన గడ్డమీద అది ఎందుకు నిలవలేదో కొంత తెలుసుకోవడం న్యాయమని నాకు తోచింది.

ముందు ఊరి సంగతి. కొల్లాపూరు అంటే మామిడి తోటలు. సురభి వంశపు రాజుల కోట. పది కిలోమీటర్ల లోపున సోమశిల వద్ద కృష్ణానది. నిజాం ఏలుబడిలో కప్పం చెల్లిస్తూ తమ పాలన తాము సాగించుకొన్న తెలుగు సంస్థానాలలో జటప్రోలు ఒకటి. దాని రాజధాని పందొమ్మిదవ శతాబ్దంలో జటప్రోలు నుంచి కొల్లాపూరుకు మారింది. "చంద్రికా పరిణయం" రచించిన సురభి మాధవరాయలు ఈ వంశంవాడే. గద్వాల, వనపర్తి ఇరుగుపొరుగు సంస్థానాలు. సికింద్రాబాదు నుంచి కర్నూలుకు పోయే రైలు మార్గం గద్వాల మీదుగా పోయింది. వనపర్తికి కనీసం "వనపర్తి రోడ్" అనే స్టేషను పేరైనా దక్కింది. కొల్లాపూరుకు అదీ లేదు. ఒకవైపు నల్లమల అడవి, ఒకవైపు కృష్ణ. కాబట్టి ఈ ఊరివారికి ప్రయాణమంటే మొదటినుంచీ రోడ్డు, రేవు, పడవ, బండి.

ఆ బండ్లలోనూ అంతరాలుండేవి. రాజుగారికి, రాణివాసానికి పల్లకి, మేనా. ఒక మనిషి కూర్చుంటే పలువురు బోయీలు మోసే వాహనమది. రైతుకు రెండెడ్ల బండి. అది పొలానికి ఎరువు మోస్తుంది, ఇంటికి ధాన్యం మోస్తుంది, జాతరకు ఇంటిల్లిపాదినీ మోస్తుంది. ఈ రెండింటి నడుమ తెలంగాణా పల్లెల్లో కచ్చురం అనే తేలిక బండి ఉండేది. పటేలో, దేశముఖో వేగంగా పోవలసి వచ్చినప్పుడు మంచి జాతి కోడెలను పూన్చి దానిమీద వెళ్లేవారు. సరుకు మోయడం దాని పని కాదు; త్వరగా చేర్చడమే దాని పని. కోడెల మెడలో మువ్వలు, చక్రాలకు నగిషీలు దాని సొగసు. స్పోర్ట్సు కారుకు మన నేలమీద పూర్వీకుణ్ణి వెదకవలసి వస్తే నేను కచ్చురాన్నే చూపిస్తాను. ఐతే ఒక తేడా ఉన్నది. కచ్చురం కలిగినవాని ఇంట్లో బరువులు మోయడానికి వేరే బండ్లు ఉండేవి. ఈ తేడాను గుర్తుంచుకొందాం. చివర మళ్లీ దీని అవసరం వస్తుంది.

ఇక మోటారు కథ. చాలామంది మరచిపోయే సంగతి ఏమంటే, మోటారు కారు పుట్టడమే ఇద్దరి బండిగా పుట్టింది. 1886 జనవరి 29న జర్మనీలో కార్ల్ బెంజ్ హక్కు పత్రం కోరిన వాహనానికి మూడు చక్రాలు, ఒక బల్ల, దానిమీద ఇద్దరికి చోటు. దాని ఇంజను శక్తి ఒక అశ్వశక్తికైనా తక్కువ. లోకం దానిని చూసి నవ్విందే గాని కొనలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని మాన్‌హైము నుంచి ఫోర్జ్‌హైములోని పుట్టింటికి సుమారు వంద కిలోమీటర్లు ఆ బండి మీదనే వెళ్లింది. దారిలో ఇంధనానికి మందుల దుకాణంలో దొరికే ద్రావకం కొన్నది. గొట్టంలో మష్టు అడ్డుపడితే తలటోపీ సూదితో తీసింది. బ్రేకు చెక్క అరిగితే చెప్పులు కుట్టేవాని చేత తోలు వేయించింది. మోటారు బండిని నిత్యవాహనంగా నమ్మి పనికి వాడిన మొదటి మనిషి ఆమె. ఆ ప్రయాణం వేగానికి కాదు, విహారానికీ కాదు. బిడ్డలతో పుట్టింటికి పోవడానికి.

తరువాతి ఇరవై యేండ్లలో కార్లు పెద్దవై, బరువై, ధనికుల సొత్తయ్యాయి. ఆ కాలపు ఆడంబరానికి మన హైదరాబాదులోనే గొప్ప సాక్ష్యం ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కోసం చేయించిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారు, 1911లో ఆయన కన్నుమూసిన పిమ్మట నగరానికి చేరింది. వెనుక భాగంలో నడిమధ్య ఒక సింహాసనం. పల్లకికి చక్రాలు, ఇంజను అమర్చినట్లుంటుంది. ఊరేగింపులకు తప్ప అది బయటికి రాలేదు. ఇప్పుడు చౌమహల్లా భవనంలో చూడవచ్చు. దానికి ఎదురుగా మరొక చిత్రం నిలుపుకోవచ్చు. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించింది. ఒకవైపు ఒక్కరి కారు; మరొకవైపు అందరి బస్సు. మన రాష్ట్రంలో మోటారు ఈ రెండు కొసల మధ్యనే చాలాకాలం నిలిచింది. నడుమనుండే సామాన్యునికి సొంత కారు అనే మాటే లేదు.

ఇంగ్లండులో మాత్రం ఆ నడుమనుండేవాడు గొంతెత్తాడు. గుమాస్తా, బడిపంతులు, చిన్న డాక్టరు, దుకాణదారు. వారిలో చాలామంది మోటారు సైకిలు, దానికి పక్కబండి కొనుక్కొని వానలో తడుస్తూ తిరిగేవారు. 1910లో మోర్గన్ అనే ఆయన మూడు చక్రాల తేలిక బండి చేసి చూపించాడు. అటువంటి సన్నని, చవకైన బండ్లు తరువాత అనేకం వచ్చాయి. కొన్నింటికి గేర్లకు బదులు తోలు పట్టాలే ఉండేవి. అవి తోవలో ఆగిపోవడమే ఎక్కువ. 1921 నుంచి బ్రిటిషు ప్రభుత్వం కారు ఇంజనుకు లెక్కగట్టిన ప్రతి అశ్వశక్తికీ ఏటా ఒక పౌను పన్ను వేసింది. దానితో చిన్న ఇంజనుకు విలువ పెరిగింది.

ఆ సమయంలో హెర్బర్ట్ ఆస్టిన్ తన కంపెనీ డైరెక్టర్లు వద్దన్నా వినక, పద్ధెనిమిదేండ్ల స్టాన్లీ ఎడ్జ్ అనే చిత్తుపటాలు గీసే కుర్రవాణ్ణి ఇంటికి పిలిపించుకొని, ఒక చిన్న కారు రూపొందించాడు. అదే 1922లో వెలువడిన ఆస్టిన్ సెవెన్. మొత్తం పొడవు సుమారు తొమ్మిది అడుగులు. నాలుగు చక్రాలకూ బ్రేకులు. తొలినాళ్లలో వెల 165 పౌన్లు. ముందు ఇద్దరు పెద్దలు, వెనుక పిల్లలు కూర్చోవచ్చు. 1939 వరకు ఇవి రెండు లక్షల తొంభై వేల దాకా తయారయ్యాయి. జర్మనీలో ఇదే బండి అనుమతి మీద తయారై, బి.ఎం.డబ్ల్యు. కంపెనీకి మొదటి కారు అయింది. ఇంత చిన్న కారు కూడా పెద్ద కారంత నమ్మకంగా నడుస్తుందని ఆస్టిన్ సెవెన్ రుజువు చేసింది. ఆ రుజువు లేనిదే చిన్న స్పోర్ట్సు కారు లేదు.

1928 అక్టోబరులో లండను మోటారు ప్రదర్శనలో సెసిల్ కింబర్ అనే ఆయన ఒక కొత్త బండిని నిలబెట్టాడు. ఆయన ఆక్స్‌ఫర్డులోని మోరిస్ గరాజీల అధికారి; ఆ పేరులోని తొలి అక్షరాలే ఎం.జి. అప్పటికి బజారులో ఉన్న మోరిస్ మైనర్ అనే చవక కారు చట్రాన్ని, 847 సీ.సీ. ఇంజనును తీసుకొని, దానిమీద తేలికైన కొయ్య చట్రానికి గుడ్డ తొడిగిన రెండు సీట్ల ఒడలును కూర్చాడు. వెనుక భాగం పడవ మొనవలె సన్నగా తీరింది. పేరు మిడ్జెట్, అనగా మరుగుజ్జు. వెల 175 పౌన్లు. ఇరవై అశ్వశక్తులకే అది గంటకు అరవై మైళ్లు దాటి పరుగెత్తింది. 1932 దాకా మూడువేల రెండువందలకు పైగా అమ్ముడైంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉన్నది. అంతకుముందు స్పోర్ట్సు కారు అంటే పందెపు కారు. దానిని కొనేవాడు జమీందారు, నడిపేవాడు సాహసి. మిడ్జెట్టును కొన్నవాడు పగలంతా ఆఫీసులో కూర్చునే మనిషి. సోమవారం నుంచి శుక్రవారం వరకు దానిమీదనే ఉద్యోగానికి పోయేవాడు. శనివారం దానిమీదనే కొండదారుల పోటీకి వెళ్లేవాడు. ఆదివారం దానినే విప్పి తుడిచి బిగించేవాడు. స్త్రీలు కూడా అనేకులు దీనిని నడిపారు. రెండవ కారు కొనే స్తోమత వారికి లేదు. కాబట్టి చిన్న స్పోర్ట్సు కారును నిత్యవాహనంగా వాడడం తరువాతివారి వింత సరదా కాదు. ఆ జాతి పుట్టుకలోనే ఉన్న లక్షణం. అది ధనికుని బొమ్మగా మారింది తరువాతనే.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన 1945లోనే ఎం.జి. కంపెనీ టి.సి. అనే బండిని బయటికి తెచ్చింది. 1949 వరకు చేసినవి పదివేలు. వాటిలో అమెరికాకు వెళ్లినవి సుమారు రెండు వేలు. అక్కడివారు రోడ్డుకు కుడివైపున నడుపుతారు. ఈ బండికి చక్రం కూడా కుడివైపునే. ఐనా ఇంగ్లండులో పనిచేసి తిరిగివచ్చిన సైనికులు దీన్ని ప్రేమించారు. రెండు టన్నుల కారు నడిపేవానికి ఈ చిన్నబండి ఒక కొత్త అనుభవం. 1958లో డొనాల్డ్ హీలీ ఆలోచనతో ఆస్టిన్ హీలీ స్ప్రైటు వచ్చింది. సైకిలు పెట్టుకొనే కొట్టంలో ఇమిడేటంత కారు కావాలన్నది దాని వెనుకనున్న కోరిక. ఇంజను ఆస్టిన్ కారుది, స్టీరింగు మోరిస్ కారుది. ఇంజను 948 సీ.సీ., శక్తి 43, బరువు సుమారు 660 కిలోలు. తలుపుకు బయట పిడి లేదు. వెనుక డిక్కీకి మూత లేదు. సామాను సీట్ల వెనుకనుంచి దోపవలసిందే. బానెట్టు మీద ఉబ్బిన దీపాలను చూసి జనం దానికి కప్పకన్ను అని ముద్దుపేరు పెట్టారు.

ఇంత స్వల్ప శక్తిగల బండిలో ఆనందం ఎక్కడినుంచి వస్తుందని శ్రోతలు అడగవచ్చు. సమాధానం బరువులో ఉన్నది. మన అంబాసిడరు కారు బరువు 1,100 కిలోల పైన. బరువు తగ్గితే అదే ఇంజను సులువుగా లాగుతుంది; బ్రేకు త్వరగా పట్టుతుంది; మలుపులో బండిని బయటికి నెట్టే బలం తగ్గుతుంది. కూర్చునే చోటు నేలకు దగ్గరగా ఉండడం చేత బండి ఒరగదు. నేలకు దగ్గరగా కూర్చున్నవానికి గంటకు యాభై కిలోమీటర్లు కూడా ఎనభైగా తోస్తుంది. కాబట్టి చట్టాన్ని దాటకుండానే, ప్రాణానికి తెగించకుండానే, వేగపు అనుభవం దొరుకుతుంది. నడిపేవాని చేతికి, కాలికి, చెవికి పని ఉంటుంది. పని ఉన్నచోట శ్రద్ధ ఉంటుంది. రోజూ ఒకే దారిన పోయేవానికి ఆ దారి విసుగు పుట్టకపోవడమే ఈ బండి చేసే ఉపకారం.

మరి ఇది మన దేశానికి ఎందుకు రాలేదు? ఒక విధంగా వచ్చింది, మారువేషంలో. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డు కంపెనీ హెరాల్డు కారును తయారుచేసింది. ఆంధ్రదేశపు డాక్టర్లు, వకీళ్లు చాలామంది దానిని వాడారు. ఇంగ్లండులో అదే హెరాల్డు చట్రాన్ని కురచ చేసి, ఇటలీ శిల్పి మిచెలొట్టి గీసిన ఒడలును తొడిగి, 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారుగా విడుదల చేశారు. అంటే మన వీధుల్లో తిరిగిన ఆ సంసారపక్షపు కారుకూ, అక్కడి యువకులు మోజుపడిన స్పోర్ట్సు కారుకూ అస్థిపంజరం ఒక్కటే. కాని మనకు నాలుగు సీట్లదే దక్కింది. స్వాతంత్ర్యానంతర పారిశ్రామిక విధానంలో ఏ కారు ఎన్ని తయారుకావాలో ప్రభుత్వమే నిర్ణయించేది, దిగుమతులు కట్టుబాటయ్యాయి, కారుకు డబ్బు కట్టి యేండ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. ఒక్క కారు కోసం అంతకాలం వేచిన కుటుంబం అందులో ఇద్దరికే చోటుంటే సహిస్తుందా?

ఐనా ఇద్దరి బండి అవసరం తీరకుండా పోలేదు. ఆ స్థానాన్ని స్కూటరు ఆక్రమించింది. 1950వ దశకంలో లాంబ్రెటా, తరువాత వెస్పా, బజాజ్ వచ్చాయి. 1980వ దశకంలో మన హైదరాబాదు ఆల్విన్ కంపెనీ కూడా పుష్పక్ పేరిట స్కూటరు చేసింది. ఎంత అర్థవంతమైన పేరు! ఎందరు ఎక్కినా ఇంకొకరికి చోటుండేది పురాణాల్లోని పుష్పక విమానంలో. మన స్కూటరు కూడా అంతే: ముందు నిలుచున్న పిల్లవాడు, వెనుక భార్య, ఆమె ఒడిలో పసిబిడ్డ, కాళ్ల దగ్గర కూరగాయల సంచి. ఇంగ్లండులో గుమాస్తాకు మిడ్జెట్ చేసిన పని మన గుమాస్తాకు స్కూటరు చేసింది. చాలక కుటుంబాన్ని కూడా మోసింది. ఆ దృశ్యంలోని ప్రమాదాన్ని చూసే రతన్ టాటా 2008లో లక్ష రూపాయల నానో కారును ప్రకటించారు. అదీ నిలవలేదు, 2018లో ఆగిపోయింది.

అచ్చంగా రెండు సీట్ల స్పోర్ట్సు కారు మన దేశంలో తయారుకాలేదనడం కూడా సరికాదు. 1998లో శాన్ మోటార్స్ వారు స్టార్మ్ అనే చిన్న బండిని విడుదల చేశారు. ఫైబరు ఒడలు, గుడ్డ టాపు, సుమారు 1,150 సీ.సీ. రెనో ఇంజను. చూచినవారు మెచ్చుకొన్నారు, కొన్నవారు కొద్దిమంది. అదే వెలకు నాలుగు తలుపుల కారు, చల్లగాలి యంత్రంతో సహా దొరుకుతుంటే, ఐదుగురున్న ఇల్లు ఏది ఎంచుకొంటుందో చెప్పనక్కరలేదు. కొల్లాపూరు తండ్రిగారి ప్రశ్ననే దేశం మొత్తం వేసిందన్నమాట.

ఈ ప్రశ్న పుట్టింటినీ విడిచిపెట్టలేదు. 1966లో అమెరికా మోటారు వాహనాల భద్రతా చట్టం చేసింది. పొగ మీద కట్టుబాట్లు వచ్చాయి. 1974లో ఎం.జి. కార్లకు బరువైన నల్లని రబ్బరు బంపర్లు తగిలించి, ఒడలును పైకి లేపవలసి వచ్చింది. మలుపులలో ఉండే సొంపు పోయింది. 1976లో జర్మనీ గోల్ఫ్ జి.టి.ఐ. వచ్చింది. నలుగురు కూర్చోవచ్చు, సామాను పెట్టవచ్చు, స్పోర్ట్సు కారును మించి పరుగెత్తవచ్చు. ఇక ఇద్దరి బండికి వాదన ఏం మిగిలింది? 1979 చివర మిడ్జెట్, 1980లో స్పిట్‌ఫైర్ ఆగిపోయాయి. ఎం.జి. వారి ఆబింగ్డన్ కర్మాగారం కూడా 1980లోనే మూతపడింది. చిన్న స్పోర్ట్సు కారు చరిత్ర ముగిసిందని అందరూ అనుకొన్నారు.

దానిని బ్రతికించినవారు జపానువారు. 1989లో మాజ్డా కంపెనీ ఎం.ఎక్స్-5 అనే బండిని చికాగోలో ప్రదర్శించింది. రూపంలోను, పద్ధతిలోను పాత ఆంగ్లేయ బండే. కాని తెల్లవారగానే మొదటి తిప్పుకే స్టార్టవుతుంది, నూనె కారదు, వానకు తడవదు. నిత్యం వాడుకోవచ్చునన్న నమ్మకమే దానిని గెలిపించింది. 2016 ఏప్రిల్‌లో పదిలక్షలవ బండి తయారైంది. 1991లో సుజుకీ వారు జపానుకోసం కపుచినో అనే రెండు సీట్ల చిట్టి కారును చేశారు. దాని తొలి ఇంజను 657 సీ.సీ., మూడు సిలిండర్లు. 1983 డిసెంబరు నుంచి మన ఇళ్ల ముందు నిలిచిన మారుతి 800 ఇంజను కూడా ఆ వంశానిదే. హెరాల్డు కథ మళ్లీ జరిగింది: అక్కడ ఆటకు, ఇక్కడ సంసారానికి. ఇక ఎం.జి. పేరు ఇప్పుడు చైనా కంపెనీ చేతిలో ఉన్నది. 2025లో ఆ పేరుతోనే విద్యుత్తుతో నడిచే రెండు సీట్ల బండి మన దేశంలో అమ్మకానికి వచ్చింది. వెల డెబ్భై లక్షలకు పైమాట. గుమాస్తా కోసం 175 పౌన్లకు పుట్టిన పేరు ఎంతదూరం పోయిందో చూడండి.

ఈ చరిత్రంతా చెప్పి మిత్రునికి నేను వ్రాసిన జాబు సారాంశం ఇది. మొదట రోడ్డు. కల్వకుర్తి నుంచి నాగర్‌కర్నూలు, కొల్లాపూరుల మీదుగా సోమశిల దిశగా పోయే దారి నేడు జాతీయ రహదారి. కృష్ణమీద వంతెనకు 2022లో కేంద్రప్రభుత్వం 1,082 కోట్ల రూపాయల అంచనాతో అనుమతి ప్రకటించింది. పెద్దదారి మీద చిన్న బండికి భయం లేదు. కాని ఊళ్లలోని స్పీడు బ్రేకర్లు, తోటకు పోయే గుంతల బాట, కోతల కాలంలో రోడ్డుమీద ఆరబోసిన ధాన్యం నేలబారు బండికి శత్రువులు. అడుగు భాగం తాకితే మొదట పగిలేది నూనె తొట్టి. కాబట్టి తోటబాట చివరిదాకా పోవాలనే పంతం వద్దు. గట్టు దగ్గర నిలిపి నడవాలి.

రెండవది ఎండ. పాలమూరు వేసవిలో మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటుతుంది. పాత బండ్లలో పెట్రోలు పంపు ఇంజను పక్కనే ఉంటుంది. వేడికి గొట్టంలోని పెట్రోలు ఆవిరై బుడగ కడుతుంది. పంపు ఆ బుడగను లాగలేదు. బండి నడిరోడ్డున ఆగుతుంది. గొట్టానికి వేడి తగలకుండా చుట్టు వేయడం, టాంకీ దగ్గర విద్యుత్తు పంపు అమర్చడం దీనికి మందు. అంతకంటే మంచి మందు పొద్దున్నే బయలుదేరడం. టాపు తీసిన బండికి కొల్లాపూరులో తగిన వేళలు సూర్యోదయానికి ముందు, సాయంత్రం. తగిన నెలలు కార్తీకం నుంచి మాఘం దాకా. వానకాలంలో టాపు కుట్లు చూసుకోకపోతే సీటు కింద చెరువే.

మూడవది విడిభాగాలు. చరిత్ర చెప్పిన పాఠం ఇక్కడ పనికివస్తుంది. మంచి చిన్న స్పోర్ట్సు కార్లన్నీ చవక సంసారపు కార్ల భాగాలతో తయారైనవే. కొనబోయే బండికి ఏ సామాన్యపు కారు ఇంజను, ఏ కారు బ్రేకులు ఉన్నాయో విచారించాలి. ఆ సామాన్యపు కారును బాగుచేసే మిస్త్రీ మహబూబ్‌నగర్‌లోనో హైదరాబాదులోనో ఉంటే బండి నిలుస్తుంది, లేకుంటే నిలిచిపోతుంది.

నాలుగవది అన్నింటికంటె ముఖ్యం. లారీ తోలేవానికి, చెరకు మోసే ట్రాక్టరువానికి నేలబారు బండి కనిపించదు. పాత బండ్లలో గాలిసంచుల వంటి రక్షణలూ ఉండవు. కాబట్టి ఒడిలో పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకోవడం, ఇద్దరి మధ్య మూడోవారిని ఇరికించడం ఏనాడూ చేయరాదు. ఇద్దరి బండి ఇద్దరిదే. పుష్పకం చేయబోతే అపచారమౌతుంది.

ఇక తండ్రిగారి ప్రశ్న. ఆయన మాటలో న్యాయం లేదని నేను అనలేదు. కచ్చురం ఉన్న ఇంట్లో బరువుల బండి కూడా ఉండేదని ముందే చెప్పుకొన్నాం. ఇంట్లో తక్కిన ముగ్గురూ ఆస్పత్రికో పెండ్లికో పోవలసివస్తే మరొక వాహనం సిద్ధంగా ఉన్నప్పుడే ఇద్దరి బండిని నిత్యవాహనం చేసుకోవడం ధర్మం. లేనినాడు అది ఒకరి ఆనందానికి నలుగురు చెల్లించే మూల్యం. ఐతే మరొకటి కూడా నిజమే. ఐదుగురు పట్టే కారును తెల్లవారి రోడ్డు మీద గమనించండి. ఎక్కువ దినాలు అందులో ఒక్కడే ఉంటాడు. ఖాళీ సీట్లను మోసుకొని పోవడమూ ఒక దుబారాయే. లెక్క రెండువైపులా చూడాలి.

మిత్రుని ఇంట్లో నాలుగు సీట్ల పాత కారు ఒకటి ఉన్నదట. దానిని అమ్మకూడదని షరతు పెట్టి తండ్రిగారు ఒప్పుకొన్నారు. బండి ఇంటికి వచ్చింది. కాఫీ వేళకు ముందే లేచి మామిడి తోటకు పోవడం తండ్రిగారికి అలవాటు. మొదటివారం ఆయన దానివంక చూడనేలేదు. రెండవవారం ఒకనాటి ఉదయం చేతికర్ర పట్టుకొని వచ్చి, తలుపు తీయించుకొని, మోకాళ్లు మడుచుకొని నెమ్మదిగా లోపల కూర్చున్నారట. తోవ పొడుగునా ఏమీ మాట్లాడలేదు. తోట గట్టు దగ్గర దిగుతూ అన్నమాట ఇది: "ఇద్దరికే జాగుంది గదా. పొద్దుగాల రెండో జాగ నాది. ఇంకొకరికి చెప్పకు."